తిప్పి పెట్టిన ముక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు నిద్రలేచేది రంపమే. సూర్యాపేటలో మా ఇంటి ముందు తాటాకుల పందిరి కింద పెద్దనాన్న, నాన్న వడ్రంగం చేసేవారు. పెద్దనాన్న కోసేవాడు, నాన్న కూర్చేవాడు. తాతయ్య పోయాక కూడా అన్నదమ్ములు విడిపోలేదు. పెద్దనాన్న కూతురు మా అక్క నాకంటే రెండేళ్లు పెద్దది. ఇద్దరం ఒకే కంచంలో తినేవాళ్లం. ఆమె లేకుండా నేను వాకిలి దాటేదాన్ని కాదు.

నిజాం పాలన పోయిన మరుసటి ఏడాది బజార్లు మళ్లీ కళకళలాడసాగాయి. మిర్యాలగూడలో ఒక బట్టల వ్యాపారి తన దుకాణానికి అద్దాల బీరువాలు చేయమని మావాళ్లను అడిగాడు. అద్దం చుట్టూ టేకు చట్రం రావాలి. నాలుగు మూలల్లోనూ చెక్కలు ఏటవాలుగా కలవాలి, మధ్యలో వెంట్రుక కూడా దూరకూడదు. అలాంటి కోతలకు తాతయ్య స్వయంగా చేసిన చెక్కపెట్టె ఒకటి ఉండేది. దాని గాడుల్లో రంపం ఉంచి కోసేవారు. వాడి వాడి ఆ గాడులు వెడల్పయిపోయాయి.

సరిగ్గా అప్పుడే కోదాడలో ఉండే మా పెద్దమ్మ తమ్ముడు బెజవాడ నుంచి ఒక కొత్త రంపం తెచ్చిచ్చాడు. ఇనుప పీట, దాని వెనక చెక్కను ఆనించడానికి ఒక ఇనుప పట్టీ, రంపం పక్కకు జరగకుండా పట్టుకునే రెండు కడ్డీలు, కింద గీతలున్న ఇత్తడి రేకు. ఏ గీత దగ్గర ఆపితే ఆ ఏటవాలులోనే రంపం నడుస్తుంది. ఆ ఇత్తడి రేకును చూసి మా నాన్న మురిసిన మురిపెం నేను పుట్టినప్పుడు కూడా మురియలేదని అమ్మ చాలాకాలం దెప్పేది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి పని మొదలుపెట్టారు.

మొదటి చట్రమే కుదరలేదు. మూడు మూలలు బాగానే కలిశాయి. నాలుగో మూలలో నా వేలిగోరు దూరేంత సందు. ఇంకోటి చేశారు, అదీ అంతే. అంచుల్లో పీచు కూడా లేచింది. మంచి టేకు పాడవుతోంది. వ్యాపారి మనిషి రెండుసార్లు వచ్చి చూసి, మూతి ముడుచుకొని పోయాడు. దేవుడికి చూపించి, పూజ చేసి పెట్టుకున్న కొత్త రంపం. అందులో తప్పుంటుందని ఎవరికి తోస్తుంది? పైగా వదినె తమ్ముడు తెచ్చిన వస్తువును అనుమానించడం మర్యాద కూడా కాదు. మనిషిని అనుమానించడమే తేలికైంది.

"నీ చెయ్యి వణుకుతున్నదే అన్నా. ఇగ కోసుడు నాకిడిసిపెట్టు," అన్నాడు నాన్న.

పెద్దనాన్న చెక్కను కింద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. ఆయనకు అప్పటికి నలభై ఐదేళ్లు ఉంటాయేమో. చేతి పని మీద బతికే మనిషిని చెయ్యి వణుకుతోందనడం ఎంత మాటో నాకు ఆ వయసులో తెలియదు. మూడు రోజులు పందిరి కింద చప్పుడు లేదు. నాలుగో రోజు పొద్దున్నే కిరాయి బండి వచ్చి ఆగింది. పెద్దనాన్న వాళ్లు కోదాడ వెళ్లిపోతున్నారు, అక్కడే వేరే పని పెట్టుకుంటారట. అక్క తన బట్టల మూట ఒళ్లో పెట్టుకొని బండెక్కి కూర్చుంది. నేను బండి చక్రం పట్టుకొని ఏడుస్తున్నాను. నన్ను విడిపించడం ఎవరివల్లా కాలేదు.

అప్పుడు మా నాయనమ్మ బయటికి వచ్చింది. తాతయ్య పక్కన కూర్చొని జీవితమంతా రంపపు పొట్టు ఊడ్చిన మనిషి ఆమె.

"పోయెటోణ్ణి ఆపను బిడ్డా. జర నా మంచం కోడు కిందికి ఓ చెక్కముక్క కోసిచ్చి పో," అంది పెద్దనాన్నతో. తర్వాత నాన్న వైపు తిరిగి, "నువ్వు గూడ ఒకటి కొయ్యి. ఎవలిది మంచిగుంటే గది పెట్టుకుంట," అంది.

రెండంచులూ చిత్రిక పట్టిన వెడల్పాటి చెక్క పట్టీలు రెండు ఆమే తెచ్చిచ్చింది. రంపాన్ని నిటారు గీత దగ్గర పెట్టించి, తలా ఒక పట్టీని అడ్డంగా కోయించింది. పెద్దనాన్న కోసిన రెండు ముక్కలను గడపకు ఆనించి పక్కపక్కన పెట్టింది. చక్కగా కలిశాయి. అప్పుడు అందులో ఒక ముక్కను బోర్లా తిప్పి మళ్లీ ఆనించింది. ఒక పక్క కలిసింది, రెండో పక్క సందు నోరు తెరిచింది. నాన్న ముఖంలో 'నేను చెప్పలేదా' అన్న గర్వం నేను చూశాను. నాయనమ్మ నాన్న ముక్కలను కూడా అలాగే పెట్టి తిప్పింది. అదే సందు, అదే వైపు, అంతే వెడల్పు.

"ఇద్దరి చేతులు ఒక్కతీరుగనే వణుకుతయా బిడ్డా?" అని అడిగింది.

నాన్న వంగి ఆ ముక్కలను తానే మళ్లీ తిప్పి చూశాడు. "మీ నాయిన కొత్త పెట్టె జేసినప్పుడల్లా గిట్లనే సూసెటోడు. తిప్పి పెడితే తప్పు రెండింతలై కనవడతది," అంది నాయనమ్మ.

పెద్దనాన్న బండి సంగతి మరిచిపోయి రంపం ముందు గొంతుక్కూర్చున్నాడు. వెనక ఇనుప పట్టీ ఒక కొస వెంట్రుకవాసి ముందుకు ఉంది. మరలు వదులు చేసి, చెక్క సుత్తితో మెల్లగా తట్టి, బిగించి, ఒక ముక్క కోసి తిప్పి చూశాడు. సందు సగమైంది. మళ్లీ వదులు చేశాడు. అయిదోసారికి సందు మాయమైంది. పీచు లేవకుండా కోసే చెక్క కింద ఒక పనికిరాని పలక పెట్టమని కూడా నాయనమ్మే చెప్పింది. ఆ తర్వాత ఏటవాలుగా కోసిన మొదటి మూలను పెద్దనాన్న నా చేతికిచ్చాడు. కళ్లు మూసుకొని గోరుతో రాసి చూశాను. అతుకు ఎక్కడో తెలియలేదు.

"సామాను దించు బిడ్డా, ఇంకేడికి పోతం!" అంది పెద్దమ్మ బండివాడితో. పనిముట్ల సంచిని నాన్నే తన భుజాన మోసుకొచ్చి పందిరి కింద పెట్టాడు. అక్క బండి మీద నుంచి నా మీదికే దూకింది. ఇద్దరం కింద పడి మోకాళ్లు గీరుకుపోయినా నవ్వుతూనే ఉన్నాం.

రంపం ఆ పూటే సరయింది. నాన్న ఆడిన మాట మాత్రం అంత తొందరగా సరికాలేదు. ఆ తర్వాత చాలా నెలలు, నాన్న చూస్తుండగా పెద్దనాన్న రంపం పట్టుకునేవాడు కాదు. నాన్న నీళ్లకో, తమలపాకులోకి సున్నానికో లేచి వెళ్లినప్పుడు గబగబా కోసి పెట్టేవాడు. నాన్న కూడా అది గమనించి, ఏదో ఒక వంకతో లేచి వెళ్తూ ఉండేవాడు. అన్న ముందు కూర్చొని 'నాదే తప్పు' అనలేక, అలా లేచి వెళ్లిపోవడమే నేర్చుకున్నాడు పాపం.

నాకిప్పుడు ఎనభై దాటాయి. కోపిష్టిదాన్ననే పేరు నాకూ ఉంది. ఎవరితోనైనా మాట పట్టింపు వస్తే, వాళ్ల సంగతి పక్కనపెట్టి ముందు నా ముక్కను బోర్లా తిప్పి చూసుకుంటాను. అందులో సందు కనబడిన రోజు చాలా చిన్నతనంగా ఉంటుంది. అయినా ఆ రోజే వాళ్లింటికి వెళ్లి, వాళ్ల ఎదురుగా కూర్చొని నోటితో చెబుతాను. నాన్న చేతికి రాని పని లేదు. ఆ ఒక్క మాటే ఆయన నోటికి రాలేదు.