జీనత్ పొయ్యిలో చింతమాను

జీనత్ నోరున్న మనిషి అని వీధిలో పేరు. కుళాయి దగ్గర ఆమె గొంతు వినిపించకపోతే ఆ పూట నీళ్ళు రాలేదేమో అనుకునేవాళ్ళు. నరసరావుపేట నుంచి నకరికల్లు పోయే దారిలో, రోడ్డుకి ఆనుకుని ఉన్న చిన్న వీధి అది. జీనత్‌కి పిల్లలు పుట్టలేదు గానీ, పక్కింటి పోలమ్మ పిల్లలు ఆమె ఒళ్ళోనే పెరిగారు. భర్త మోయిన్ పరుపులు, బొంతలు కుట్టేవాడు. దూదేకుల వాళ్ళు కాబట్టి ఇంట్లోనూ తెలుగే. నమాజు అరబ్బీలో, తిట్లు పల్నాటి యాసలో. పొద్దున్నే మోపెడ్ మీద దూది మూటలు కట్టుకుని శావల్యాపురం దాకా తిరిగి, పొద్దుగూకే వేళకి ఇల్లు చేరేవాడు. వస్తూ పెళ్ళానికి ఏదో ఒకటి తెచ్చేవాడు. ఏమీ దొరక్కపోతే ఊళ్ళ కబుర్లైనా తెచ్చేవాడు. ఆమెకి కావలసింది కూడా అవే.

అలాంటి మోయిన్ మీద చెట్టు పడింది. మే నెలలో ఒక మధ్యాహ్నం, వీధి మొదట్లో రోడ్డు పక్కనున్న పాత చింతచెట్టు. గాలి వచ్చిన మాట నిజమే. దుమ్ము లేచింది, రేకులు గలగలలాడాయి, అంతే. దాని పక్కనున్న వేపచెట్టుకి కొమ్మ కూడా విరగలేదు. కళ్ళలో దుమ్ము పడుతోందని మోయిన్ మోపెడ్ ఆపి చింతచెట్టు కింద నిలబడ్డాడు. అక్కణ్ణుంచి చూస్తే ఇల్లు కనిపిస్తుంది. చెట్టు నడుం దగ్గర విరిగి అతని మీద పడింది.

వీధిలో చెట్లు కోసే మిషను ఉన్నది యల్లమంద ఒక్కడికే. సుబాబుల్ తోటలు నరికే పని అతనిది. పరుగున మిషను తెచ్చి, మాను కోసి, మోయిన్‌ని బయటికి లాగాడు. అప్పటికే ప్రాణం లేదు. రోడ్డుకి రెండు వైపులా బస్సులు ఆగిపోయి హారన్లు కొడుతుంటే, అదే ఊపులో మిగతా చెట్టు కూడా కోసి దారి ఇచ్చాడు. మాను లోపలంతా డొల్ల. చెదలు తిని పొట్టు చేసిన చెట్టు. చూసిన ప్రతివాడూ, “ఇన్నాళ్ళు ఎట్టా నిలబడిందిరా ఇది!” అన్నాడు. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. అందరూ శవాన్ని ఫోటోలు తీశారు, ఆ డొల్లని ఒక్కడూ తియ్యలేదు. అదీ మన తెలివి.

ఆ వీధిలో ఒక పద్ధతి ఉంది. చావింట్లో మూడు రోజులు పొయ్యి వెలగదు. చుట్టుపక్కల వాళ్ళే అన్నం పంపాలి. ఆ తర్వాత పొయ్యికి కట్టెలు కూడా వాళ్ళే చూడాలి. హిందువుల ఇల్లయినా సాయిబుల ఇల్లయినా అంతే. సాయంత్రానికి చింతకొమ్మల్ని ఇంటికింత అని పంచుకున్నారు. చింతకట్టె నిప్పు మంచిది, ఎవరు వదులుకుంటారు? పెద్ద మాను జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

“ఆ చెట్టు వాళ్ళ మనిషిని తినేసింది. మాను వాళ్ళ గుమ్మంలోకే పోవాల,” అంది పోలమ్మ.

ఆ మాటకి ఎదురు చెప్పే గుండె ఎవరికుంది? యల్లమంద ఆ డొల్ల మానునంతా ముక్కలు కొట్టి, జీనత్ పెరట్లో గోడవారన పేర్చి వెళ్ళాడు. ప్రేమతోనే చేశారు. ఆ సంగతి మాత్రం మనం మర్చిపోకూడదు.

మర్నాడు రోడ్డు చూసుకునే ఆఫీసు వాళ్ళు జేసీబీ తెచ్చి చెట్టు మొదలు పెకిలించారు. గుంట పూడ్చి, కంకర పోసి, పోతూ పోతూ ఒక మాట వదిలారు. రోడ్డు పక్క చెట్టు గవర్నమెంటుది, కట్టె ఎవడు కోశాడో ఎవడింట్లో ఉందో తేలితే దొంగతనం కేసు పెడతాం అని. వీధి మొత్తం తేలు కుట్టిన దొంగలా అయిపోయింది. పుట్టెడు దుఃఖంలో ఉన్న జీనత్‌కి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆమె ఇద్దత్‌లో కూర్చుంది. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. ఇంట్లో గ్యాస్ బండ అయిపోయింది. అది తెచ్చేది మోయినే. అందుకని పెరట్లో కట్టెల పొయ్యి మీదే వండుకుంది. ఆ కట్టె సరిగ్గా మండేది కాదు. చేతికి తేలిగ్గా వచ్చేది, నేలకేసి కొడితే పొట్టు రాలేది, మంట తక్కువ, పొగ ఎక్కువ. కళ్ళెంట నీళ్ళు కారేవి. పొగ వల్ల అని చెప్పుకోవచ్చు కాబట్టి ఆమెకి ఆ కట్టె మీద కోపం కూడా రాలేదు. గోడ మీంచి పోలమ్మ కూరగిన్నె అందిస్తూ, “తినక్కా, కడుపు మాడ్చుకుంటే మోయిన్ బావ తిరిగొస్తాడా ఏంది?” అని కసిరేది. ఆ నెలల్లో జీనత్‌కి దుఃఖం ఉంది గానీ, తోడు లేదన్న బాధ లేదు.

ఇద్దత్ తీరాక నరసరావుపేట నుంచి కిరణ్ కుమార్ అనే కుర్ర వకీలు పరామర్శకి వచ్చాడు. వాళ్ళింట్లో పరుపులన్నీ మోయిన్ చేతివే. పుచ్చిన చెట్టుని చూసి తీసెయ్యకపోతే ఆ ఆఫీసుదే బాధ్యత అని చెప్పి, ఆమె చేత నోటీసు ఇప్పించి, దావా వేయించాడు. కొన్నాళ్ళకి ఆఫీసు జవాబు వచ్చింది. చెట్టు గట్టిగానే ఉంది, పెనుగాలికి పడింది, ఇది దైవ ఘటన, మా తప్పు లేదు. అతను చదువుతుంటే జీనత్ ఆపింది.

“ఏంది బాబూ, మా ఆయన్ని అల్లా చంపాడని రాశారా?”

“కోర్టు భాషలో అట్టాగే అంటారమ్మా. మనిషి చేతిలో లేనిది అని.”

“చావు రాసింది అల్లానే, నేను కాదన్లా. చెట్లు చూసుకోమని వీళ్ళకి జీతం రాసింది కూడా అల్లానేనా?”

పరిహారం సంగతి ఆ తర్వాత ఆమె ఎత్తలేదు. దైవ ఘటన అన్న ఆ ఒక్క మాట కోర్టు చేత కొట్టేయించాలి, అంతే. ఉడుంపట్టు పట్టింది.

“అయితే చెట్టు పుచ్చిందని రుజువు కావాలమ్మా. ఆ మాను ఎక్కడుంది?” అన్నాడు కిరణ్ కుమార్.

జీనత్ పెరటి గోడ వైపు చూసింది. “నా పొయ్యిలో కాలిపోయింది,” అంది.

తన కేసుని తానే పూటపూటా అన్నం గిన్నె కింద పెట్టి కాల్చుకుంది. ఆ రాత్రి ఆమె వండుకోలేదు.

మిగిలిన దారి ఒక్కటే. డొల్ల చూసినవాళ్ళు కోర్టుకొచ్చి చూశామని చెప్పాలి. జీనత్ ముందు యల్లమంద ఇంటికి పోయింది.

“అక్కా, నేనొచ్చి చూశానంటే, నువ్వెందుకు కోశావురా అంటారు. నా మిషను లాక్కుంటారు. అది లేకపోతే నాకు కూడెక్కడిది?” అన్నాడు యల్లమంద. తల ఎత్తలేదు.

పోలమ్మ గుమ్మంలో నిలబెట్టే మాట్లాడింది. “అక్కా, మా ఇంట్లో నాలుగు కొమ్మలు ఇంకా ఉన్నయ్యి. మమ్మల్ని ఇందులోకి లాగమాక. గెలిచినోడు ఇంటికొచ్చి ఏడుస్తాడు, ఓడినోడు కోర్టులోనే ఏడుస్తాడంట. నీకెందుకే ఈ కోర్టులు?”

తప్పు వాళ్ళదనడానికి నాకు నోరు రావడం లేదు. రెక్కాడితే గానీ డొక్కాడని వాళ్ళు. కానీ సాక్ష్యం చెప్పలేమన్నవాళ్ళు, పలకరించడం కూడా ఎందుకు మానుకోవాలి? సిగ్గు. ఆమె మొహం చూస్తే ఆ మాను గుర్తొస్తుంది. కుళాయి దగ్గరకి ఆమె వస్తే మాటలు ఆగిపోయేవి, బిందె సగం నిండకముందే ఎత్తుకుపోయేవాళ్ళు. పోలమ్మ పెద్దకూతురు వెన్నెల కాలేజీకి పోతూ ఫోన్ చెవిలో పెట్టుకుని దాటిపోయేది. అవతల ఎవరూ లేరని జీనత్‌కి తెలుసు. పోలమ్మ కూరగిన్నె ఒకటి జీనత్ ఇంట్లోనే ఉండిపోయింది. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు, ఏదైనా వేసి ఇవ్వాలి. వేసి ఇస్తే మాట్లాడాల్సి వస్తుంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు మిగిలిపోయింది జీనత్. నోరున్న మనిషికి మాట్లాడే మనిషి లేకపోవడం కంటే పెద్ద శిక్ష ఏముంటుంది? సాయంత్రమైతే ఏడుపొచ్చేది. ఇప్పుడు ఇంట్లో పొగ కూడా లేదు.

రెండేళ్ళకి విచారణ వచ్చింది. ఆమె తరఫున సాక్షి ఆమె ఒక్కతే. దేవుడి మీద ప్రమాణం చేసి, ఆ కట్టె ఎలా మండిందో, ఎంత పొట్టు రాలిందో ఉన్నదున్నట్టు చెప్పింది. సర్కారు వకీలు లేచాడు.

“గవర్నమెంటు కలప కాల్చానని ఒప్పుకుంటున్నారా?”

“ఒప్పుకుంటున్నా సారూ.”

“గడప దాటలేదంటున్నారు. మరి అంత మాను మీ పెరట్లోకి ఎలా నడిచొచ్చింది? ఎవరు తెచ్చిచ్చారు?”

జీనత్ ఒకసారి కిరణ్ కుమార్ వైపు చూసింది. ఒక్క పేరు చెబితే చాలు, రేపు ఆ మనిషిని కోర్టుకి పిలిపిస్తారు, చెట్టు డొల్ల అని తేలిపోతుంది, తను గెలుస్తుంది. ఆ మనిషి మిషను పోతుంది. పోలమ్మ ఇంటికి పోయిన కొమ్మల సంగతి బయటపడుతుంది.

“చెప్పండి. మీకు సాయం ఎవరున్నారు?”

“ఎవరూ లేరు సారూ,” అంది జీనత్. “నాకెవరూ లేరు.”

ఆ మాట అనేసరికి ఆమెకి ఏడుపు ఆగలేదు. జడ్జిగారు ఇక చాలన్నట్టు చెయ్యి ఎత్తారు. వకీలు కూర్చున్నాడు.

అల్లా మీద పడ్డ నింద తుడవడానికి పోయి అల్లా సాక్షిగా అబద్ధం ఆడానే అని బస్సులో దారంతా కుమిలిపోయింది. ఆ మే నెల సాయంత్రానికి అది అబద్ధమే. కానీ బోనులో నిలబడిన నాటికి అబద్ధమని ఎవరనగలరు?

తీర్పు వానాకాలంలో వచ్చింది. కిరణ్ కుమార్ ఫోన్‌లో చదివి వినిపించాడు. ఆ గాలికి చుట్టుపక్కల మరో చెట్టు పడలేదు. ఈ చెట్టుని ఏనాడైనా పరీక్షించామని ఆఫీసు వాళ్ళు చూపలేకపోయారు. కాల్చిన మనిషి చెప్పింది నమ్మదగ్గదే. కాబట్టి ఇది దైవ ఘటన కాదు, ఆఫీసు నిర్లక్ష్యం. జీనత్ ఆ చివరి మాట మళ్ళీ చదివించుకుంది. ఇంకోసారి చదివించుకుంది. ఫోన్ పెట్టేశాక ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. ఎవరికైనా చెప్పాలి. మోయిన్ ఉంటే మోయిన్‌కి చెప్పేది. కాళ్ళు వాటంతటవే పక్కింటికి తీసుకుపోయాయి.

పోలమ్మ బియ్యం ఏరుకుంటోంది. గుమ్మంలో జీనత్‌ని చూసి చేట కింద పెట్టి గభాలున లేచింది.

“కోర్టు నుంచి ఫోనొచ్చింది పోలమ్మా.”

“మా పేర్లేమన్నా చెప్పావా అక్కా?” అంది పోలమ్మ.

“లేదు.”

“ఒట్టు?”

“ఒట్టు. ఎవురి పేరూ చెప్పలా.”

పోలమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని గోడకి ఆనుకుంది. ఊపిరి తీసుకుంది. “కూర్చో అక్కా, టీ పెడతా,” అంది.

“వొద్దులే,” అంది జీనత్.

గెలిచావా, ఓడావా అని పోలమ్మ అడగలేదు. జీనత్ చెప్పలేదు.