జేబులో దొరికిన ప్రార్థన చీటీ

"ముందు వాసన చూడు తమ్ముడూ, తర్వాత మాట్లాడదాం."

లాండ్రీలో పనిచేసే అక్క ప్లాస్టిక్ కవరులోంచి మడిచిన కాగితం తీసి నా ముక్కు కిందికి తెచ్చింది. నెల కావస్తున్నా పుదీనా వాసన పోలేదు. విప్పితే మధ్యలో నమిలి పారేసిన చూయింగ్‌గమ్, పంటిగాట్లతో సహా. దాని చుట్టూ ఆమె చేతిరాత: 'నా అరచేతులు పగిలిపోతున్నాయి. ఓనరు కంట పడేలోపు నయం కావాలి. ప్రార్థించండి.'

"ఛీ! నా కష్టం ఆయనగారి ఎంగిలికి పొట్లమైంది."

లాండ్రీలో జేబులు వెతకడం ఆమె పని. బట్టలు మెషీన్లోకి వెళ్లేముందు పొడవాటి బల్ల మీద వేసి, ప్రతి జేబునూ తిరగేసి దులుపుతుంది. పదకొండేళ్లుగా అదే పని కాబట్టి అందరికీ జేబులక్క అయిపోయింది. చీమిడి గట్టిపడిన రుమాళ్లు, పళ్లు కుట్టుకున్న పుల్లలు, ఒకసారి ఎవరిదో ఊడిన పన్ను. వాటి గురించి పగలబడి నవ్వుతూ చెప్పే మనిషి, ఈ ఒక్కదానికి నవ్వలేదు.

ఆమె వెళ్లే చర్చిలో ఎనిమిది మంది కలిసి ప్రతి శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో కూడుకుంటారు. లేచేముందు ఎవరి అవసరం వాళ్లు పేరుతో సహా చీటీ మీద రాసి గిన్నెలో వేస్తారు. తలా ఒకటి తీసుకుని వారమంతా ఆ మనిషి కోసం ప్రార్థించాలి. ఎవరి చీటీ ఎవరికొచ్చిందో బయటికి చెప్పుకోరు. ఆ వారం ఈమె చీటీ గ్రూపు లీడరుకు పడింది. ఆయన బీమా ఏజెంటు. మూడు రోజులకు ఆయన ప్యాంటు ఈ బల్ల మీదికే వచ్చింది.

"నాలుగు శుక్రవారాలు ఎగ్గొట్టాను. ఫోను చేస్తే జ్వరమన్నాను. ఆయన కళ్లు మూసుకుని 'ప్రభువా' అంటుంటే నాకు ఆ దవడలే కనపడతాయి, ఏం చేయను?"

"పూర్తిగా మానేసినట్టేనా అక్కా?"

"మానేద్దామనే అనుకున్నా. నిన్న మేష్టారొచ్చి నా పరువు తీశాడు."

మేష్టారు ఆ ఎనిమిది మందిలో పెద్దవాడు, లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఒక కంటికి కట్టుతో, చేతిలో పొట్లంతో వచ్చాడట. పొట్లంలో రెండు జతల గ్లవ్స్.

'చెప్పకూడదనుకో అమ్మా, నువ్వు చివరిసారి వచ్చినదానికి ముందు వారం నీ చేతుల సంగతి రాసిన చీటీ నాకొచ్చింది. ఊరికే ప్రార్థన చేసి ఊరుకోవడానికి సిగ్గేసి మందుల షాపులో అడిగాను. ముందు ఈ నూలువి తొడుక్కుని, పైన రబ్బరువి వేసుకోమన్నాడు.'

'మీ కన్నేమైంది సార్?'

'ఆపరేషనైందిగా! చీటీ రాశాను కదా. ఎవరికొచ్చిందో గానీ, గట్టిగా ప్రార్థన చేసినట్టున్నారు. ఆపరేషన్ బల్ల మీద పడుకున్నప్పుడు ఎవరో నన్ను తలుచుకుంటున్నారు అనుకున్నా. భయం పోయింది.'

ఆయన వెళ్లాక గ్లవ్స్ దాచుకుందామని ఆమె తన హ్యాండ్‌బ్యాగు పక్క జిప్పు తీసింది. మడత విప్పని చీటీలు మూడు. పైదాన్ని విప్పితే మేష్టారి గుండ్రటి అక్షరాలు: 'కంటి ఆపరేషన్. భయంగా ఉంది. ఇంట్లో చెప్పుకోవడానికి ఎవరూ లేరు.'

"ఛీ, ఛీ! ఊరందరి జేబులూ తిరగేసేదాన్ని, నా సంచి నేను చూసుకోలేదు. ఏజెంటు కనీసం గమ్ పెట్టడానికైనా విప్పాడు."

"ఆయనకు తెలియదు కదా అక్కా, వదిలెయ్యి."

"తెలియకపోతే కంపు కొట్టదా?"

కాసేపు ఒక చొక్కా జేబును అనవసరంగా దులిపింది. ప్రార్థన ఇంట్లోనూ చేసుకోవచ్చు కదా, ఆ గుంపు లేకపోతే ఏమని అడిగాను.

"ఇంట్లో ఉంటే నా అంత మంచిది లేదనుకుంటూనే చచ్చేదాన్ని. గ్లవ్స్ కూడా ఉండేవి కావు." పగిలిన వేళ్లతో ఇస్త్రీ ప్యాంటు ఒకటి నా చేతికిచ్చింది. "ఏజెంటుది. నీ దారేగా, ఇచ్చెయ్. ఈ శుక్రవారం అందరూ మా ఇంటికే రావాలని చెప్పు. మేష్టారు కనపడితే మాత్రం నోరెత్తకు. ఆ సంగతి అందరి ముందూ నేనే చెప్పాలి. ప్యాంటు నలపకు."

రెండడుగులు వేశానో లేదో మళ్లీ పిలిచింది.

"ఈ గమ్ దరిద్రాన్ని కూడా పట్టుకుపోయి దారిలో చెత్తకుండీలో పడెయ్యి తమ్ముడూ. నేను మళ్లీ ముట్టుకోను."