అడిగి ఫొటో తీసినవాడు

మా స్టూడియో బావ పోయాడని నాకు ఎవరూ ఇంటికొచ్చి చెప్పలేదు. మా వీధి వాట్సాప్ గ్రూపులో, శుభోదయం పువ్వులకీ ఎవరింటివో సీమంతం ఫొటోలకీ మధ్య ఆయన మొహం కనపడింది. ముక్కులో దూది. కళ్లు పూర్తిగా మూతపడలేదు. పక్కనే, తన మొహం కూడా పడేలా వంగి నిలబడ్డ మా వార్డు పెద్దమనిషి. దాని కింద పది నిమిషాల్లో వరసగా దండాల బొమ్మలు.

నలభై ఏళ్లు రాజాంలో ఫొటోలు తీసి, అడక్కుండా ఒక్కరి ఫొటో కూడా తీయని మనిషికి ఈ ఊరు పలికిన వీడ్కోలు అది. కోపం తగ్గాక రాద్దామని మూడు వారాలు ఆగాను. తగ్గలేదు. తగ్గకుండానే రాస్తున్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని మిషన్ చర్చికి వెళ్లేవాడు. నేను కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని, ఏ గుడికీ వెళ్లను. పాలకొండ రోడ్డులో ఆయన స్టూడియో, దాని వెనక సందులో మా ఇల్లు. ఒకరినొకరు బావా అని పిలుచుకోవడానికి మా వైపు అంతకన్నా చుట్టరికం అక్కర్లేదు.

ఫిల్ము రోజుల్లో ఏ స్టూడియో అయినా నెగెటివులు తన దగ్గరే ఉంచుకునేది. మళ్లీ కాపీ కావాలంటే జనం అక్కడికే రావాలి కదా. ఈయన మాత్రం ఆడపిల్లల ఫొటోల నెగెటివులు కవర్లో పెట్టి తల్లి చేతికిచ్చేసేవాడు. పాస్‌పోర్టు సైజు ఫొటోలు కత్తిరించగా మిగిలిన అంచు ముక్కలు కూడా అదే కవర్లో వేసేవాడు. మిగతా స్టూడియోల వాళ్లు షాపు ముందు అద్దాల పెట్టెలో పెళ్లికూతుళ్లని పెట్టుకుంటే, ఈయన పెట్టెలో బోసినోటి ముసలాళ్లు నవ్వుతూ ఉండేవారు. అదీ వాళ్లని అడిగి. డిజిటల్ కెమెరా వచ్చాక, ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, తన కంప్యూటర్లో ఉన్నవి తల్లి ఎదురుగానే చెరిపేసి, "సూసుకో అమ్మా, ఖాళీ" అని స్క్రీను ఆమె వైపు తిప్పేవాడు.

ఎవరైనా ఎవరినైనా ఫొటో తీస్తుంటే ఆయన నోట వచ్చే మాట ఒకటే: "అడిగినావా?"

"రెండేళ్ల గుంటని కూడా అడగాలేటి మావా?" అని ఒకామె, చంకలో కూతుర్ని సర్దుకుంటూ, నవ్వింది ఓసారి.

"అడగాల. నవ్వితే తియ్యి. మొహం తిప్పుకుంటే మానీ. నవ్వీదీ, తిప్పుకునీదీ నీకు తెల్దేటి, కన్నతల్లివి?"

నేనూ నవ్వేవాణ్ని. నెట్ చవకై, ఫోను లేని చెయ్యి కనపడని రోజులు వచ్చాక మరీ నవ్వాను. దాచుకోవడం పాతకాలపు జబ్బనీ, ఆడపిల్లల్ని ఇంట్లో కప్పెట్టిన సమాజాలన్నీ ఏమయ్యాయో నాకు తెలుసనీ ఆయన స్టూలు మీదే కూర్చుని ఆయనకే ఉపన్యాసాలిచ్చాను. ఆయన లెన్సు తుడుచుకుంటూ వినేవాడు.

"గుంటని కప్పెట్టమన్నానేటి బావ? అడగమన్నాను."

"సదువుకున్నోళ్లకి ఆ మాత్రం తెల్దేటి?" అనేవాణ్ని నేను.

"నువ్వు పుస్తకాలు సదివినావు. నాను మొహాలు సదివినాను. రెండూ ఒకటి కాదు."

ఇక నా తప్పు రాయాలి. ఇంకొకళ్లని తిట్టే ముందు అది రాయకపోతే ఆయన ఊరుకోడు.

మా కూతురి కూతురు మా ఇంట్లో ఉండి చదువుకునేది. అల్లుడిది సాలూరు, లారీ నడుపుతాడు, నెలలో సగం రోజులు రాయ్‌పూర్ దారిలోనే ఉంటాడు. పిల్ల పదో తరగతికి వచ్చిన ఏడాది దసరా సెలవుల్లో ఓణీల ఫంక్షన్ చేశాం. ఫ్లెక్సీ కట్టకపోతే మా ఊళ్లో అది ఫంక్షనే కాదు. పిల్ల నిలువెత్తు బొమ్మ, పక్కన పేరు, చదివే స్కూలు, తరగతి, చుట్టూ మా మొహాలు, అడుగున నా ఫోను నంబరు. ఫొటోలు తీస్తాను గానీ ఫ్లెక్సీకి మాత్రం ఇవ్వనన్నాడు బావ.

"పేరూ బడీ రాసి గుంటని నాలుగు రోడ్ల కాడ నిలబెడతావేటి? దాన్ని అడిగినావా?"

అడగలేదు. వేరే స్టూడియో వాణ్ని పిలిచాను. వాడు గాల్లో ఎగిరే కెమెరా కూడా తెచ్చాడు. ఎనభై ఫొటోలు నా ఫేస్‌బుక్‌లో, లోకంలో ఎవరైనా చూసేలా, నా చేతులతో నేనే పెట్టాను. ఒక్కోదానికీ రెండేసి వాక్యాలు పొగడ్త రాశాను. స్కూలు పేరు రాయడం కూడా మరిచిపోలేదు. ఎంతమందికి నచ్చిందో పూటపూటా చూసుకుని మురిసిపోయాను.

మూడు వారాలకి ఆ ఫొటోలతోనే, ఆ పిల్ల పేరుతోనే ఇంకో ఖాతా పుట్టింది. అందులోంచి క్లాసు పిల్లలకీ టీచర్లకీ పిచ్చి రాతలు వెళ్లడం మొదలైంది. దాన్ని నడిపేవాడు ఫ్లెక్సీ మీది నంబరుకి సందేశాలు కూడా పెట్టాడు. నంబరు నాదే గానీ, సాయంత్రం పూట ఆ ఫోనులో పాఠాల వీడియోలు చూసేది పిల్ల. మొదట తను విజయనగరంలో చదివే అమ్మాయినన్నాడు. తర్వాత వీడియోలో మాట్లాడమన్నాడు. మాట్లాడకపోతే ఇంకా రాస్తానన్నాడు. ఆ పిల్ల వచ్చినవి వచ్చినట్టు చెరిపేస్తూ తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పకుండా గడిపింది.

ఆ తొమ్మిది రోజులూ మేం ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నాం. అల్మారా నిండా పుస్తకాలున్న ఇంట్లో దాని మొహం చదివినవాడు లేడు.

పబ్లిక్ పరీక్ష దరఖాస్తుకి ఫొటో కావాలన్నారని అది స్టూడియోకి వెళ్లింది. ఆయన స్టూలు మీద కూర్చోబెట్టి, కెమెరాలోంచి ఒకసారి చూసి, నొక్కకుండానే దించేశాడట.

"ఇది నీ మొహం కాదే అమ్మా. ఇలాగ తీస్తే రేప్పొద్దున్న పరీక్ష కాడ నిన్ను నువ్వే పోల్చుకోనేవు. ఏటైనాది? సెప్తే ఇంటాను. సెప్పకపోతే కూకో, టీ తాగి ఎల్లు."

పిల్ల టీ తాగింది. ఆ తర్వాత ఆయన ముందూ, ఆయన భార్య ముందూ మొత్తం చెప్పింది.

సరిగ్గా ఆ సాయంత్రమే స్కూలు కరస్పాండెంటు నాకు ఫోను చేశాడు. మీ అమ్మాయి పేరు మీద ఏవో రాతలు తిరుగుతున్నాయి, మా స్కూలుకి చెడ్డపేరు, గుట్టు చప్పుడు కాకుండా టీసీ తీసుకెళ్లమన్నాడు. మా ఇంట్లోనే ఉన్న నా బావమరిది అది విని, "ఇంకేటి సదువు? సంబంధం సూడండి" అన్నాడు. పద్నాలుగేళ్ల పిల్లకి. పరీక్షలకి నాలుగు నెలలుంది.

బావ వెంట పిల్ల గుమ్మం ఎక్కగానే నేనడిగిన మొదటి మాట, "ఏటి సేసినావే?"

ఆయన నాకూ దానికీ మధ్య వచ్చి నిలబడ్డాడు.

"గుంటని అడక్కు. నన్నడుగు. నీ ఫోను ఇలా తే."

నా ఖాతా తెరిచి, నేను పెట్టిన ఎనభై ఫొటోలూ వేలితో నెడుతూ నాకే చూపించాడు. దొంగ ఖాతాలో ఉన్నవన్నీ ఇందులోవే. ఒక్కటీ వేరేచోట నుంచి రాలేదు.

"ఆడు నీ ఇంట్లో దూరి దొంగతనం సేయనేదు బావ. నువ్వే ఈధిలో బల్లేసి పెట్టినావు. ముందు గుంటకి సెప్పు, తప్పు నాదీ అని. మిగతా పని తరవాత."

చెప్పాను. జన్మలో నేను చెప్పిన పాఠాలన్నిటిలో అదే చిన్నది. పిల్ల అప్పుడు ఏడ్చింది. తొమ్మిది రోజుల్లో మొదటిసారి.

ఖాతా వెంటనే తీయించేద్దామని నేను తొందరపడితే ఆయన ఆపాడు. ముందు ఆ పేజీనీ, రాతలనీ, ఆ రోజు వచ్చి ఇంకా చెరపని సందేశాలనీ తేదీలు కనపడేలా స్క్రీను ఫొటోలు తీసి ప్రింటు వేశాడు. వాడికి జవాబివ్వొద్దన్నాడు, తిట్టొద్దన్నాడు. అవన్నీ కవర్లో పెట్టాకే, ఈ ఖాతా దొంగదని మా అందరిచేతా ఫేస్‌బుక్ వాళ్లకి ఫిర్యాదు పెట్టించాడు. నా ఖాతాలో పిల్ల ఫొటోలన్నీ తీయించి, తెలిసినవాళ్లకి తప్ప ఇంకెవరికీ కనపడకుండా తాళం వేయించాడు. ఫ్లెక్సీ తనే వెళ్లి తాళ్లు కోసి దించాడు. మర్నాడు పొద్దున్న నన్నూ, కబురంది సాలూరు నుంచి వచ్చిన మా అమ్మాయినీ పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్లి, ఫిర్యాదు అందినట్టు వాళ్లు కాగితం రాసిచ్చేదాకా బెంచీ మీంచి లేవలేదు. అటునుంచి అటే స్కూలు.

"మా స్కూలు పేరు పోతుందండీ" అన్నాడు కరస్పాండెంటు.

"మీ గోడ మీద ఎంతమంది ఆడగుంటల ఫొటోలున్నాయి బాబూ? మార్కులూ, తండ్రి పేరూ, ఊరి పేరూ రాసి? ఎవుల్ని అడిగి ఎట్టినారు?"

"అది ప్రచారం అండీ. అందరూ పెట్టుకుంటారు."

"ఈయనా అందుకే ఎట్టినాడు" అని నన్ను చూపించాడు. "మరి టీసీ గుంటకిస్తన్నారేటి? మీకూ ఈయనకీ కదా ఇవ్వాల."

పిల్ల బడికి వెళ్లింది. ఫొటో ఆ వారమే తీశాడు. దరఖాస్తు మీద అంటించిన ఆ మొహం నవ్వలేదు గానీ, అది దాని మొహమే. పరీక్ష రాసింది, పాసైంది. దొంగ ఖాతా పోయింది. వాడు దొరికాడు. ఎక్కడివాడో, ఎవరి కొడుకో రాయను. ఎవడు వాడని అడిగే ప్రతివాడూ ఆ వెంటనే, ఎవరా పిల్లని కూడా అడుగుతాడు.

ఆ తర్వాత స్టూడియోలో కొత్త పద్ధతి వచ్చింది. బడిలో చేర్చడానికి పిల్లల ఫొటో కోసం వచ్చిన తల్లిదండ్రుల్ని కూడా ఆ స్టూలు మీద కూర్చోబెట్టి, "ఫోను తెరవండి" అనేవాడు. పిల్లల బొమ్మలు ఎవరెవరికి కనపడుతున్నాయో వాళ్లచేతే చూపించేవాడు. బడి చొక్కా మీది గుర్తు గానీ, ఇంటి గుమ్మం గానీ కనపడే ఫొటోలు పెట్టొద్దనేవాడు. పిల్ల చేతిలోంచి ఫోను లాక్కుంటే భయం పోదనీ, అది మీకు చెప్పడం మాత్రం మానేస్తుందనీ చెప్పేవాడు. చివర్లో అందరికీ ఒకటే మాట. "గుంట వచ్చి సెప్పినప్పుడు ముందు తిట్టకండి. తిడితే రెండోసారి రాదు."

దానికి ఈ ఊరు ఏం చేసింది? నవ్వింది. ఫొటోకని వస్తే పాఠం చెప్తున్నాడని ఎదురు స్టూడియోకి వెళ్లింది. "కెమెరా పట్టుకున్న పాస్టరు" అన్నాడు మా వార్డు పెద్దమనిషి, తన మనవడి స్నానం వీడియో ఊరందరికీ పంపేవాడు. నా బావమరిది ఆయన దుకాణం ముందు నుంచి వెళ్లడం మానేశాడు, సంబంధం చూడనివ్వలేదని. కరస్పాండెంటుగారు ఇప్పుడు గ్రూపులో సంతాపం రాశారు, పిల్లల రక్షణ కోసం తపించిన మహనీయుడని. వారి స్కూలు గోడ మీద ఈ ఏడాది ర్యాంకుల పిల్లలు కిందటేటి కన్నా పెద్ద సైజులో ఉన్నారు. రోజూ పొద్దున్న నడకకి వెళ్తూ చూస్తున్నాను.

నేను మాత్రం ఏం పొడిచాను? ఆయన బతికుండగానే ఈ వ్యాసం రాసుండొచ్చు. రాయలేదు. రాస్తే నా తప్పు కూడా రాయాల్సివస్తుందని.

సమాధి రోజున మా మనవరాలు విజయనగరం కాలేజీ నుంచి వచ్చింది. పెట్టె మూత ఇంకా వేయలేదు. పాటలు పాడుతున్నారు. మా వార్డు పెద్దమనిషి జనాన్ని తోసుకుని ముందుకొచ్చి, ఫోను చాచి, పెట్టె మీదికి వంగాడు. నేను నోరు తెరిచేలోపే నా పక్కనుంచి పిల్ల కదిలింది. ఫోనుకీ ఆ మొహానికీ మధ్య అరచెయ్యి అడ్డం పెట్టింది.

"అడిగినారా?"

"సచ్చిపోయినోణ్ని ఎలాగ అడుగుతామే?"

"అందుకే తియ్యకూడదు."

పెద్దమనిషి కంగారులో నొక్కిన వేలు తీయలేదు, ఫోను టకటకా తీస్తూనే ఉంది. పిల్ల చెయ్యి కూడా కదల్లేదు. మూత వేసేదాకా అలాగే ఉంది.

సాయంత్రం పెద్దమనిషి తన ఫోనులో ఉన్నవన్నీ చూసుకోకుండా గ్రూపులో పోసేశాడు. దండలు, టెంటు, ఎవరెవరో మొహాలు. మధ్యలో పదకొండు ఫొటోలు వరసగా ఒకేలా ఉన్నాయి.

వాటిలో ఒకటి దాచుకోవాలనిపించింది. ముందు మనవరాలి దగ్గరికి వెళ్లి ఉంచుకోనా అని అడిగాను. అది ఫోను చేతిలోకి తీసుకుని కాసేపు చూసింది.

"ఉంచుకో తాతా. ఎవులికీ పంపకు."

పంపలేదు. అప్పుడప్పుడూ తెరిచి చూసుకుంటాను. తెర నిండా ఒక అరచెయ్యి, గీతలన్నీ కనపడేంత దగ్గరగా. వేళ్ల అంచుల్లో మధ్యాహ్నపు ఎండ ఎర్రగా దిగింది. చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య సన్నటి సందులో, తెల్ల చొక్కా కాలరు కొంచెం.