పైపు మూల

డాబాల మీద నీళ్ళు దిగకుండా షీట్లు పరిచేవాళ్ళలో ఆయన్ని అందరూ అతుకులాయన అనేవారు. అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి కూడా చూడడు. "నేను వేసిన అతుకులో చీమ దూరదు" అని ఆయన గొప్పలు పోతుంటే, పక్కన డబ్బాలో జిగురు కలుపుతున్న భార్య, "చీమకి అక్కడేం పనయ్యా, చక్కెర దాచావా?" అనేది.

ఇప్పుడు డాబాలెక్కేది ఇద్దరే. పద్నాలుగేళ్ళ క్రితం దాకా ముగ్గురు. మూడోవాడు ఆయన తమ్ముడు, చిన్నోడు.

ముగ్గురూ కలిసి చివరిసారి పరిచింది ఒక ప్రింటింగ్ ప్రెస్ డాబా. అప్పట్లో తారు షీటు. మధ్యలో పొడుగాటి అతుకు చిన్నోడు వేశాడు. డాబా మీదికి పైపు లేచిన మూల షీటుకి మడతలు పెట్టడం కష్టం కాబట్టి అది అన్నే చేశాడు. మొదటి వానకే లోపల కాగితాల కట్టలు తడిసి ముద్దయ్యాయి. చుక్కలు పడుతున్నది సరిగ్గా చిన్నోడి అతుకు కిందే. ప్రెస్ ఓనరు పనివాళ్ళందరి ముందూ నిలదీశాడు. అతుకులాయనకి తల కొట్టేసినట్టయింది.

"ఆ అతుకు నాది కాదండీ, వీడిది" అని తమ్ముణ్ణి చూపించాడు.

"అన్నా, నేను సరిగ్గానే నొక్కాను. ఒక్కసారి విప్పి చూడు" అన్నాడు చిన్నోడు.

"ఎదురుగా నీళ్ళు కారుతుంటే ఇంకా చూసేదేంట్రా?"

విప్పితే షీటు పాడవుతుంది. తన మూల మీద ఆయనకి అనుమానమే రాలేదు. చిన్నోడి అతుకు మీద ఇంకో పూత తారు పోసి దిగిపోయాడు. మర్నాడు పొద్దున్న చిన్నోడు అతుకులు నొక్కే రోలరు అన్న గుమ్మంలో ఉంది. మనిషి లేడు. ఏదో గోదాములో కాపలాకి కుదిరాడని తర్వాత తెలిసింది. ఆ పైన అన్నదమ్ములకి పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ తప్ప మాటల్లేవు.

రెండేళ్ళ క్రితం చిన్నోడు ఊపిరితిత్తుల జబ్బుతో మంచాన పడితే అన్న చూడ్డానికి వెళ్ళాడు. వాడు ఇంకేమీ అడగలేదు. "ఆ ప్రెస్ డాబా ఎప్పుడైనా విప్పారా అన్నా?" అన్నాడు.

"ఇప్పుడెందుకురా ఆ గోల. పడుకో."

వారం తిరక్కుండానే చిన్నోడు పోయాడు.

ఇప్పుడు ఆ ఓనరు కొడుకు కబురు పంపాడు. ఎన్ని పూతలేసినా కారడం ఆగలేదట, పాత తారు షీటు పీకేసి రబ్బరు షీటు వెయ్యాలట. అతుకులాయన రెండు రోజులు ఎటూ చెప్పలేదు. మూడోరోజు భార్య కంచంలో అన్నం పెడుతూ, "వెళ్దాం. విప్పి చూద్దాం" అంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ సంగతి ఎత్తడం అదే మొదటిసారి.

డాబా ఎక్కి చిన్నోడి అతుకుని చెరో కొసా పట్టుకుని లాగారు. రాలేదు. కాళ్ళు తన్నిపెట్టి మళ్ళీ లాగారు. అతుకు ఊడలేదు, పక్కన షీటే చిరిగింది. అతుకు అవతలి అంచున స్లాబు పొడిగా ఉంది. పని మొదలుపెట్టే ముందు చిన్నోడు గీసుకున్న సుద్దగీత నిన్న గీసినట్టు తెల్లగా ఉంది.

ఇవతలి పక్క జానెడు దూరంలో సన్నటి పగులు. ఆ పగుల్లోకి దిగుతూ నల్లటి చార. ఆయన చార వెంట షీటు కోసుకుంటూ మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళాడు. అంచుల్లో, అతుకుల దగ్గర తప్ప మధ్యలో ఆ షీటుని నేలకి అంటించేవాళ్ళు కాదు. ఆ సందున నీళ్ళు ఇరవై అడుగులు దొంగలా నడిచొచ్చి, చిన్నోడి అతుకుని దాటలేక, పగుల్లోకి దిగాయి. చార మొదలైన చోట పైపు ఉంది. తను పెట్టిన మడతలో ఆయన వేలు పెడితే వేలు లోపలికి దిగింది.

భార్య చూసింది. వెళ్ళి చీపురందుకుని స్లాబంతా ఊడ్చింది. సుద్దగీత ఉన్న చోటు మాత్రం చివరిదాకా వదిలేసింది.

రబ్బరు షీటు చుట్ట విప్పగానే అంటిస్తే తర్వాత ముడుచుకుపోతుంది. పరిచి అరగంట వదిలెయ్యాలి. ఆ అరగంటలో ఆయన చిన్నోడి అతుకులోంచి అరచేతంత ముక్క కోసుకుని, రెండు వీధుల అవతల ఉన్న తమ్ముడి ఇంటికి వెళ్ళాడు. మరదలు గుమ్మంలో కూర్చుని చొక్కాకి గుండీ కుడుతోంది.

"అమ్మా, విప్పి చూశాను. తప్పు వాడిది కాదు, నాది."

ఆవిడ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది. గోటితో అతుకు లేపబోయింది. లేవలేదు.

"వానొచ్చిన ప్రతిసారీ ఆయన నన్ను అడిగేవారు బావగారూ, నేను సరిగ్గా నొక్కానంటావా అని. మొదట్లో నొక్కాననే తనే జవాబు చెప్పుకునేవారు. మీరంత గట్టిగా అన్నాక ఏళ్ళు గడిచేకొద్దీ సందేహం పట్టుకుంది. పోయేముందు ఆయనే అన్నారు, అన్న చెప్పిందే నిజమయ్యుంటుందిలే అని."



ఆవిడ ముక్క తిరిగి ఆయన చేతిలో పెట్టింది. "నాకెందుకండీ ఇది? చూడాల్సినాయన లేరు. మీరే ఉంచుకోండి."

డాబా మీదికి వచ్చేసరికి షీటు ముడతల్లేకుండా పరుచుకుని ఉంది. సాయంత్రానికి మిగతా అంతా అంటించి, చివర్న ఆయన పైపు మూలకి వచ్చాడు. తుడిచాడు, జిగురు రాశాడు, మడత పెట్టి రోలరుతో నొక్కాడు. భార్య వెనకాలే సన్నటి కొక్కెంతో అంచు వెంట గుచ్చి చూస్తూ వచ్చి, ఒకచోట ఆగింది.

"ఏమయ్యా, ఇక్కడ కొక్కెం దిగుతోంది."

ఇదివరకైతే "నా అతుకుకే వంకలా" అని కసిరేవాడు.

"ఏదీ, చూపించు" అంటూ వంగాడు. కళ్ళనిండా నీళ్ళు, ఏమీ కనబడలేదు. ఆవిడ ఆయన వేలు పట్టుకుని ఆ సందు మీద పెట్టింది.

"ఇక్కడ."

"అవును" అన్నాడు. "విప్పుతాను."