మీ ఆయన ఊళ్ళోనే ఉన్నాడా

ఆ ప్రశ్న ఆయన అడిగినప్పుడు నా చేతిలో ఉడికించిన ఉర్లగడ్డల గిన్నె ఉంది. దాన్ని ఆయన తల మీద బోర్లించకుండా నేల మీద పెట్టానంటే అది నా మంచితనమే. ముక్కూమొహం తెలియని మగవాడు, గదిలో ఒంటరిగా దాక్కున్నవాడు, అన్నం తెచ్చిన ఆడమనిషిని మొట్టమొదట అడిగిన మాట, "మీ ఆయన ఊళ్ళోనే ఉన్నాడా?" అని.

అరబ్బుల దేశంలో, రుమైథియా పేటలో ఆ ఇంట్లో పనికి చేరి అప్పటికి మూడేళ్ళు. మామా అని నేను పిలిచే యజమానురాలి భర్త ఎప్పుడో పోయాడు. కొడుకులిద్దరూ బయటి దేశాల్లో చదువుకుంటున్నారు. ఇంట్లో మిగిలింది మామా, మంచం దిగలేని ఆమె తల్లి, నేను. మగవాళ్ళు లేని ఇల్లని తెలిశాకే మా ఆయన నన్ను అక్కడ పనికి ఒప్పుకున్నాడు. ఆయన అల్ రాయ్‌లో కార్ల మెకానిక్కు. మనిషి బంగారం, అనుమానం మాత్రం ఆయనకు కడపలోనే అంటుకుంది.

ఇరాక్ సైన్యం వచ్చిన వారానికి, పక్క మేడలో అద్దెకుండే తెల్లాయన పెరటి గోడ దూకి మా ఇంట్లో పడ్డాడు. యాభై దాటిన ఇంజనీరు. తెల్లవాళ్ళను ఏరి పట్టుకుపోతున్న రోజులవి. మామా ఆయన్ని మేడమీద బియ్యం మూటలుండే కొట్లో పెట్టింది. దానికి లోపల గడియ ఉంది. మర్నాడే ఆయన మామాతో తాను యూదుడినని చెప్పేశాడు. నీడ ఇచ్చిన మనిషి దగ్గర దాచడం ఇష్టంలేదట. మామా కాసేపు ఆలోచించి, అయితే ఏం తింటావని అడిగింది. మాంసం వద్దన్నాడు, తమ ఆచారం ప్రకారం వంటకు కొత్త గిన్నె ఉంటే మేలన్నాడు. ఊరికి తీసుకుపోదామని నేను కొనిపెట్టుకున్న సత్తు గిన్నె అలా ఆయన పాలయింది.

మా వాళ్ళంతా బస్సులెక్కి దేశం వదిలిపోతున్నారు. ముసలామెను వదల్లేక మామా ఆగింది, మామాను వదల్లేక నేను, నన్ను వదల్లేక మా ఆయన. శుక్రవారం శుక్రవారం వచ్చి చూసిపోయేవాడు. తెల్లాయన సంగతి ఆయన దగ్గర దాచలేదు. విని, "దాచిపెట్టండి, పాపం. నువ్వు మాత్రం ఆ రూములోకి పోగాకు" అన్నాడు. పోనని మాటిచ్చాను.

ఆ మాట ఇచ్చిన మర్నాడే ఈ ప్రశ్న. కాలికొద్దీ కిందికి దిగి మామా ముందు నిలబడి, ఆ పెద్దమనిషి బుద్ధి ఏమిటో నాకు తెలిసిపోయిందన్నాను. మామా నన్ను వెంటబెట్టుకుని మేడెక్కింది. అరబీలో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. మధ్యలో మామా మొహం మీదికి నవ్వు రావడం చూసి నాకు ఇంకా ఒళ్ళు మండింది.

అసలు సంగతి ఇదీ. యూదుల ధర్మంలో పరాయి ఆడా మగా మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. ఎవరైనా ఏ క్షణంలోనైనా రాగలిగితే అది ఒంటరితనం కిందికి రాదు. ఆడమనిషి భర్త అదే ఊళ్ళో ఉంటే కొంత సడలింపు ఉంది. ఆ సడలింపు ఉందో లేదో తెలుసుకోవడానికే పాపం ఆ మనిషి అడిగాడు. మామా తమ ధర్మమూ దాదాపు ఇంతేనంది. ఊళ్ళోనే ఉన్నాడు గానీ ఈ గదిలోకి రావద్దన్నాడని నేను చెప్పాను. తెల్లాయన వెంటనే తల ఊపాడు. మీ ఆయనే వద్దన్నాక ఇక ఆ సడలింపు పనికిరాదు, తలుపు తెరిచే ఉండాలి అన్నాడు. ఏ పుస్తకమూ చదవని మా ఆయన మాటకు అంత పెద్ద ధర్మంలో చోటు దొరికినందుకు నాకు కొంచెం గర్వంగానే అనిపించింది.

అప్పట్నుంచి అదొక తంతు. నేను వసారాలో నిలబడి గిన్నె గడప మీద పెడతాను. ఆయన తలుపు బార్లా తీసి అవతలి గోడకు ఆనుకుంటాడు. ఆ దూరం నుంచే నాకు వచ్చిన వంటింటి అరబీలో కబుర్లు చెప్పుకునేవాళ్ళం. పప్పులో చింతపండు ఎంత వేయాలో వాళ్ళావిడ కోసం రాసుకున్నాడు. బయట ఊరంతా ఏడుస్తోంది, నాకు తెలుసు. అయినా ఆ మేడమెట్లు దిగుతూ నేను నవ్వుకోని రోజు లేదు.

ఒక మధ్యాహ్నం మామా ముంగిట్లో గొంతు పెంచి ఎవరినో లోపలికి రమ్మంటోంది. సైనికులు వస్తే అలా అరుస్తానని ముందే చెప్పింది. నేను వసారాలో ఉన్నాను. మెట్ల మీద బూట్ల చప్పుడు. దిగడానికి దారి లేదు. ఆలోచించకుండా కొట్లోకి దూరి గడియ పెట్టాను. తెల్లాయన మొహం పాలిపోయింది, సైన్యాన్ని తలుచుకునో నన్ను చూసో ఇప్పటికీ చెప్పలేను. బియ్యం మూటల వెనక్కి పోయి, బడిలో శిక్ష పడ్డ పిల్లాడిలా గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర కూలబడ్డాను. గంటసేపు ఊపిరి కూడా జాగ్రత్తగా పీల్చాం. ఒకడు తుపాకీతో తలుపు కొట్టాడు. మామా తాపీగా, అది పాత కొట్టు, గడియ పట్టేసి ఏళ్ళయింది, కావాలంటే కింద టీవీ బాగుంది తీసుకుపోండి అంది. తీసుకుపోయారు.

తలుపు తీశాక తెల్లాయన మామాతో చాలా గంభీరంగా చెప్పాడు. వాళ్ళు ఏ క్షణంలోనైనా తలుపు బద్దలుకొట్టి రాగలిగేవాళ్ళు కాబట్టి ఇది ఒంటరితనం కాదట, సైనికుల దయవల్ల తామిద్దరికీ దోషం లేదట. మామా మెట్ల మీద కూలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ నవ్వు ఆగాక గుర్తొచ్చింది, మా ఆయనకిచ్చిన మాట తప్పాను. ఎందుకు తప్పానో చెబితే కాదనడు. కొట్టే మనిషి కాదు, అరిచే మనిషీ కాదు. కానీ ఒకసారి మనసులో ముల్లు దిగితే ఇక మాట్లాడడం మానేస్తాడు. ఆ మౌనమే నా భయం. ఆ శుక్రవారం చెప్పలేకపోయాను. వచ్చే శుక్రవారం చెబుదామనుకున్నాను. అలా పది శుక్రవారాలు పోయాయి. ఆయన వచ్చేవాడు, నేను పెట్టింది తినేవాడు, ఎప్పుడూ లేనిది, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయేవాడు.

తెల్లవాళ్ళు వెళ్ళిపోవచ్చని రేడియోలో చెప్పారు. తెల్లాయన్ని తీసుకుపోవడానికి కారు వచ్చిన రోజు శుక్రవారమే. నెలల తర్వాత ఎండలోకి వచ్చి కళ్ళు చిట్లించుకుంటూ గేటు దగ్గర నిలబడ్డాడు. మామాకూ నాకూ గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగి, ఒక్కో మాటా ఆచితూచి చెప్పాడు.

"ఒక రోజు, ఒక గంట, మీ భార్యా నేనూ మూసిన గదిలో ఉన్నాం. అది మీకు నేనే చెప్పాలి."

వెళ్ళేటప్పుడు ఈ ధర్మం ఎవరడిగారు ఈ మనిషిని అనుకున్నాను. మా ఆయన నూనె మరకల చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, ఆయన చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. కారు మలుపు తిరిగేదాకా చూశాడు. నేను నేలచూపులు చూస్తున్నాను.

"నాకు తెలుసు లేమ్మే. ఆ వారమే మామా ఈడనే చెప్పింది. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తాండా" అన్నాడు.

మరి ఎందుకడగలేదన్నాను.

"అడిగితే అనుమానమంటావు. ఒక్కటి మాత్రం ఇప్పటికీ నమ్మబుద్ధి కాల్యా. నువ్వు గంటసేపు నోరు మూసుకోని కూచున్యావా?"

ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. పది శుక్రవారాలు నేను భయపడ్డ మౌనం, ఆయన నాకోసం ఓర్చుకున్న మౌనం. వీధి చివర సైనికులు చూస్తున్నారు, గేటులో మామా చూస్తోంది. పెళ్ళయిన తర్వాత నలుగురి ముందు ఎన్నడూ చేయని పని చేశాను. ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను.