పోస్టర్ మీద కాటుక చుక్క

పిల్లల డాక్టర్‌గా నేను దేశదేశాలు తిరిగిన రోజులవి. విరేచనాలూ జ్వరాలూ మందుకు లొంగుతాయి. మా సేవాసంస్థ న్యూజెర్సీ ఆఫీసులోని ప్రచార విభాగం మాత్రం దేనికీ లొంగదు. ప్రపంచంలోని పిల్లలందర్నీ తామే ఉద్ధరిస్తున్నామనుకునే ఆ మనుషుల్లో ఒక్కరైనా ఏడుస్తున్న పిల్లను ఎత్తుకోగా నేను చూడలేదు.

బంగ్లాదేశ్‌లో మాకొక క్యాంపు ఉండేది. తిండి లేక ఎముకల గూడులా వచ్చిన ఓ ఆడపిల్ల అక్కడ నెలల తరబడి ఉండి కోలుకుని బొద్దుగా తయారైంది. అమెరికాలో చూపించడానికి ఫొటో తీస్తానంటే దాని తల్లి ఆగమంది. వేలికి కాటుక రాసుకుని పిల్ల నుదుటి పక్కన చుక్క పెట్టింది.

"అక్కడ చాలామంది చూస్తారు కదా డాక్టరక్కా. ఇది చెరిగిపోకుండా చూడు" అని నర్సు చేత చెప్పించింది.

చిన్నప్పుడు మా అమ్మ నాకు పెట్టిన దిష్టి చుక్కే అది. చెరగదని మాటిచ్చాను.

ప్రచార విభాగం హెడ్ న్యూజెర్సీలోనే ఎడిసన్ ఊళ్లో పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు. ఫొటో చూసి పెదవి విరిచాడు.

"ఆంటీ, షీ లుక్స్ టూ హెల్దీ. ఇలా ఉంటే డొనేషన్స్ రావు."

"బాగయిందనే కదా తీసింది?"

"డోంట్ వర్రీ, నేను ఎడిట్ చేస్తా."

ఆ చుక్క మాత్రం ఉంచమన్నాను. ఎందుకో కూడా విడమరిచి చెప్పాను. బ్లాక్‌బెర్రీ ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే సరేనన్నాడు.

విరాళాల డిన్నర్ ఎడిసన్‌లోనే ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. ఆకలి మీద ప్రసంగాలు వింటూ జనం మూడోసారి బిర్యానీ వడ్డించుకుంటున్నారు. స్టేజీ పక్కన నిలువెత్తు పోస్టర్. పిల్ల బుగ్గల్లో రంగంతా లాగేసి మళ్లీ రోగిష్టిదాన్ని చేశాడు. మేం నెలల తరబడి పట్టించిన కండని కంప్యూటర్ ముందు కూర్చుని కరిగించేశాడు మహానుభావుడు. నుదుటి పక్కన చుక్క లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"చుక్కేది?" అన్నాను.

"అదా ఆంటీ? డర్ట్‌లా ఉందని క్లీన్ చేశాం. అయినా మనది హెల్త్ ఆర్గనైజేషన్, సూపర్‌స్టిషన్ చూపిస్తే బాగోదు."

నా పక్క కుర్చీలోనే అతని తల్లి కూర్చుని ఉంది. ఆవిడ ఒళ్లో అతని ఆరు నెలల కూతురు. పాప బుగ్గ మీద పావలా కాసంత కాటుక చుక్క.

"మరి దీన్నీ క్లీన్ చేద్దామా?" అన్నాను.

అతను తన ప్లేటు వైపు చూశాడు. సంగతేమిటని ఆవిడ అడిగితే జరిగిందంతా చెప్పాను.

"ఇంతమంది కళ్లల్లో పడే పిల్లని ఉత్త మొహంతో నిలబెట్టాడా?" అని ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కాటుక డబ్బా తీసి నా చేతిలో పెట్టింది.

దిష్టి తగులుతుందని నేను నమ్మను. ఆ తల్లి నమ్మింది, దాంతోపాటు నన్నూ నమ్మింది. ప్రసంగం నడుస్తుండగానే స్టేజీ దగ్గరకు వెళ్లి, ఆమె పెట్టిన చోటే, ఆమె పెట్టినదానికంటే పెద్ద చుక్క పెట్టాను.

అతను టిష్యూ పట్టుకుని పరుగున వచ్చాడు. "ఆంటీ, ప్లీజ్, పోస్టర్ పాడవుతుంది."

అప్పటికే అతని తల్లి మనవరాలిని చంకనేసుకుని వచ్చి పోస్టర్‌కి అడ్డంగా నిలబడింది.

"చెయ్యి వేసి చూడు" అంది కొడుకుతో.

టిష్యూ మళ్లీ జేబులోకి పోయింది.