చెరువు గట్టు దగ్గర ఆగిన ఆట

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, వేసవిలో, మార్కాపురం దగ్గరి ఒక పాలిటెక్నిక్‌కు నన్ను ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వేశారు. ఆఖరి సంవత్సరం కంప్యూటర్ విద్యార్థులకు ప్రాజెక్టు వైవా. పిల్లలు తాము చేసింది నడిపించి చూపాలి, అడిగినదానికి జవాబు చెప్పాలి. బయటినుంచి వెళ్ళిన నేనూ, వాళ్ళ చేత పని చేయించిన గైడూ ఒప్పుకున్నాకే మార్కులు పడతాయి.

అందరూ హాజరు పట్టీలు, దుకాణం బిల్లులు చేసి తెచ్చారు. బేస్తవారిపేట నుంచి వచ్చే మల్లేశ్వరి మాత్రం వీడియో గేమ్ తెచ్చింది. ఎండల్లో గొర్రెల మందను చెరువుకు తోలుకుపోవడమే ఆట. గైడు రెడ్డిగారు ముందే పెదవి విరిచారు. చెరువు గట్టు దగ్గర ఆగిపోతుందట, అది బగ్, అంటే ప్రోగ్రాములో తప్పట. ఫెయిలైతే ఆ పిల్ల ఇంజనీరింగ్‌లో చేరడం ఆ ఏటికి లేనట్టే.

మార్కుల పట్టీలో కళకు కూడా కొన్ని మార్కులున్నాయి కదా అన్నాను.

"పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి సార్. అందానికి మార్కులెట్ల ఏస్తాం?" అన్నారాయన.

ఈ మాటంటే నాకు ఒళ్ళు మంట. నచ్చడం వేరు, బాగుండడం వేరు. కాకరకాయ నాకు గిట్టదు. అంతమాత్రాన వేపుడు కుదిరిందో మాడిందో తెలియకపోదు కదా!

కూర్చుని ఆడాను. తెర నిండా మట్టిరంగే, నాకు నచ్చలేదు. మందను గబగబా తోలాను. గట్టు చేరగానే ఆగింది. ఏ మీట నొక్కినా నీళ్ళవైపు కదలదు.

"హ్యాంగయిందమ్మా" అన్నాను.

మల్లేశ్వరి మాట తడబడలేదు. "హ్యాంగ్ కాలేదు సార్. కుంటి గొర్రె ఎనకాల ఉండిపోయినాది. అది రాకుండా మనమెట్ల పోతాం?"

"ఆ ముక్క తెర మీద రాయొచ్చు గదా, ఏంది నీ బాధ?" అని కసిరారు గైడు.

"రాస్తే చదువుతారు సార్, ఎతకరు. దాని మెడలో గంట ఇనండి."

హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. ఎడమవైపు సన్నగా గంట. అటు తిరిగితే దగ్గరయింది, ఇటు తిరిగితే సన్నగిల్లింది. తొందరపడి నడిస్తే మన అడుగుల చప్పుడే దాన్ని మింగేసింది. మట్టిరంగు ఎందుకో అప్పుడర్థమైంది. కంటికి ఏదీ ఆనకపోతేనే చెవి పెడతాం. రంగు, చప్పుడు, నడక, ఒక్కోటీ మళ్ళీ మళ్ళీ పరీక్షించాను. అన్నీ ఆ గొర్రెను వెతికించే పనిమీదే ఉన్నాయి. మొదటి తెరలో తెలుగు అక్షరాలు విరిగిపోయాయి, దానికి మార్కులు కోశాను.

హెడ్‌ఫోన్ రెడ్డిగారికిచ్చాను. అయిష్టంగానే కూర్చున్నారు. గట్టు దాకా పోయి, ఆగి, వెనక్కి మళ్ళారు. చెవులు మూసుకుపోయి తన గొంతు తనకు వినబడలేదేమో, "దా... మెల్లగా దా తల్లీ" అని గట్టిగానే పిలవసాగారు. మల్లేశ్వరి చున్నీ నోటికడ్డం పెట్టుకుంది.

గొర్రె చెరువు చేరాక ఆయన హెడ్‌ఫోన్ తీసి, మార్కుల కాగితం మీద బగ్ అని తాను ముందే రాసిన మాట కొట్టేశారు. "ఈ ఆటలు నాకు నచ్చవు సార్. ఇది మాత్రం బాగుండాది" అన్నారు. ఇద్దరం సంతకాలు చేశాం. పిల్ల పాసయింది.

ఆ మట్టిరంగు నాకిప్పటికీ నచ్చదు. కానీ ఆ తర్వాత ఏ వైవాలోనైనా ప్రాజెక్టు ఆగిపోతే, హ్యాంగయిందని రాసేముందు, ఎందుకు ఆగిందమ్మా అని అడిగాను.